కుదురులో తమ్ముడు

భూమి విదియ

రోజూ రాయమన్నాడు డాక్టరు. రాస్తూ కూర్చుంటే మనసు నిలుస్తుందట. "నేను చదవను, నీకిష్టమొచ్చింది రాసుకో" అన్నాడు. అడక్కుండానే చదవనని చెప్పేవాడు తప్పకుండా చదువుతాడు. చదవండి డాక్టరుగారూ. మీ కోసం మొదటి వాక్యం: నాకు ఏ జబ్బూ లేదు.

లేదనే అనుకుంటున్నాను.

నా పేరు కొమురమ్మ. పదహారేళ్ళు. అది మా ముత్తవ్వ పేరు. చంద్రుడి మీద పుట్టిన పిల్లకు ఇదేం పేరని క్లాసులో అందరూ నవ్వుతారు. ఆ నవ్వడం కూడా తెర మీదే, ఎవరి కుదురులో వాళ్ళు కూర్చుని. మా ముత్తవ్వ కాలం వాళ్ళు కింద భూమి మీద బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ళు. ఇక్కడ సొరంగాల్లో ఊరు కట్టాలంటే సొరంగమంటే భయం లేనివాళ్ళు కావాలని వాళ్ళను తెచ్చారు. అందుకే ఊరి పేరు కొత్తగని అయింది. ఇక్కడ తిథులు కూడా ఆకాశంలో భూమి పెరగడం, తరగడం చూసి లెక్కపెడతాం.

నా మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. పాఠం మధ్యలో కుదురు దిగాను. ఇదే మొదటిసారి కూడా కాదు. తెర మీద నా కుదురు ఖాళీగా కనిపించేసరికి టీచరమ్మ కెవ్వుమన్నదట. నేనెక్కడికీ పారిపోలేదు. తలుపు దగ్గర నిలబడ్డాను, అంతే. ఎందుకు దిగావంటే ఏం చెప్పను? కూర్చోలేకపోయాను. కాళ్ళలో చీమలు పాకుతాయి. కడుపులో ఎవరో ఖాళీ గిన్నెను గరిటెతో గీకుతున్నట్టుంటుంది. ఒళ్ళంతా చిరాకు. అప్పుడు ఎవరు మాట్లాడినా కొట్టాలనిపిస్తుంది.

వెనకటి కాలంలో కుండ దొర్లిపోకుండా కింద ఒక చుట్ట పెట్టేవారని, దాన్ని కుదురు అనేవారని అమ్మ చెప్పింది. నేను కుండను చూడలేదు. మనుషుల్ని పెట్టే కుదుర్లే చూశాను. మెత్తగా, గుండ్రంగా ఉంటాయి. ఒకసారి కూర్చుంటే నడుము దాకా మునిగిపోతాం. ముందు తెర ఉంటుంది. పక్కన ఉండే 'పెట్టే చెయ్యి' అనే యంత్రం మనం అడిగేలోపే బుక్క తెచ్చి నోటి ముందు పెడుతుంది. చదువు, ఆట, స్నేహం, తిండి అన్నీ అక్కడే. ఊళ్ళో నా ఈడు పిల్లలందరికీ అది స్వర్గం. నాకు మాత్రం ముళ్ళకంప.

ఇవాళ్టికి చాలు. ఇది రాస్తూనే రెండుసార్లు లేచాను.

భూమి పంచమి

మా తమ్ముడు తిరుమలేశు గురించి రాయాలి. ఇంట్లో అందరూ వాడి గురించే మాట్లాడతారు మరి.

వాడికి పద్నాలుగేళ్ళు. ఊళ్ళో అంత కుదురైన పిల్లవాడు లేడు. నెలనెలా ఇచ్చే కుదురు బిళ్ళ వాడికే వస్తుంది. అమ్మ వాటన్నిటినీ గోడకు వరసగా తగిలించింది. నా వైపు గోడ ఖాళీ. తుడవడం మాత్రం తేలిక.

వీధి పొడవునా గోడల మీద ఒకటే రాత: 'కదలని బిడ్డే ఊరికి అండ'. అమ్మ చిన్నప్పుడు గాలికి కరువు వచ్చిందట. పిల్లలు పరుగెత్తితే ఎక్కువ పీలుస్తారని కూర్చోబెట్టారు. ఇప్పుడు కొత్త యంత్రాలు వచ్చాయి. మంచు గనిలో పనిచేసే మా బాపు సెలవుకు వచ్చినప్పుడల్లా, గాలి ఎక్కువై బయటికి వదిలేస్తున్నారని చెబుతాడు. అయినా ఆ రాతను ఎవరూ చెరపరు. ఏటా కొత్త రంగు కూడా వేస్తారు.

ఇవాళ వాడి కుదురు చెయ్యికి సరుకు నింపే పని నేనే తీసుకున్నాను. జొన్నరవ్వ ఒక డబ్బాలో, రుచుల సీసాలు ఒక వరసలో ఉంటాయి. పక్కగుడ్డలు మార్చాలి, తడిగుడ్డతో వాడి వీపు తుడవాలి. పెద్దవాళ్ళు చేసే పనులే ఇవన్నీ. కదలడానికి దొరుకుతుంది కాబట్టి నేను ఎగబడి చేస్తాను. వాడు తెర మీద ఏదో యుద్ధం ఆడుతున్నాడు. చెయ్యి వచ్చి బుక్క పెట్టింది. చూపు తిప్పకుండా నోరు తెరిచాడు, మింగాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మింగాడు.

"తమ్మీ, ఇప్పుడేం తిన్నవ్రా?" అని అడిగాను.

"నేనా? ఏం తినలే."

"నా కండ్ల ముందట్నే బుక్క మీద బుక్క మింగితివి గద!"

"అవునా?" అన్నాడు ఆట ఆపకుండా. "ఎట్లున్నయి?"

వాడు తిన్నదాని రుచి నన్నడుగుతున్నాడు! నాకు నవ్వొచ్చింది. తర్వాత వీపు తుడుస్తూ ఉంటే ఆ నవ్వు పోయింది. వాడి పిక్కలు నా మణికట్టంత ఉన్నాయి. పాదాలు తెల్లగా, ఒక్క గీత లేకుండా, పసిపిల్లల పాదాల్లా ఉన్నాయి. వాడు ఎప్పుడు లేచి నిలబడ్డాడో గుర్తు తెచ్చుకుందామని చూశాను. గుర్తు రాలేదు.

భూమి సప్తమి

డాక్టరు వచ్చి వెళ్ళాడు. డాక్టరుగారూ, ఈ పుట చదివితే కోపం తెచ్చుకోకండి.

ఆయన చిన్నవాడే. కుదురులోనే పెరిగి, కుదురులోనే చదివి డాక్టరయ్యాడు. మా ఇంటి దాకా నడిచి వచ్చేసరికి ఆయాసపడ్డాడు. నా కడుపు మీద యంత్రం ఆనించాడో లేదో, లోపల గుర్రుమని పెద్ద చప్పుడు. ఆయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఈ సప్పుడు ఎప్పట్నించి?"

"చాన్నాళ్ళ నుంచి సార్. బుక్క తిన్నంక జరసేపు ఆగుతది, మళ్ల షురూ."

"నువ్వు లేచి తిరిగిన రోజు ఎట్లుంటది?"

దొరికిపోయాను. అబద్ధం చెప్పడం నాకు రాదు. పాత సామాన్ల గదిలో అమ్మ చిన్ననాటి బరువైన సీసపు చొక్కా దొరికిందని, ఎముకలు గట్టిగా ఉండాలని వెనకటి పిల్లలు దాన్ని తొడుక్కుని నడిచేవారని, నేనూ దాన్ని తొడుక్కుని ఎవరూ లేని రెండో సొరంగంలో పరుగెత్తుతున్నానని చెప్పేశాను. చొక్కా లేకపోతే ఒక్క గెంతుకు పైకప్పు తగులుతుంది. ఉంటే కాళ్ళు నేలమీద ఆనుతాయి. ఆ ఆనడం ఎంత బాగుంటుందో కూడా చెప్పాను. అలా పరుగెత్తిన రోజు కడుపులో చప్పుడు ఎక్కువవుతుందని కూడా ఒప్పుకున్నాను.

"సూసిన్రా?" అన్నాడు అమ్మతో. "కదిలితె పెరుగుతుంది, కూసుంటె తగ్గుతుంది. జబ్బంతా కదలికలనే ఉంది. అంటుకునేదో కాదో తెల్వది. తమ్ముని దగ్గర ఎక్కువసేపు ఉండనియ్యకున్రి."

అమ్మ ముఖం పాలిపోయింది. చేతిలో గుడ్డ పిండుతూ, "గ్యాసు అయ్యుంటది సార్" అంది. గుడ్డ అప్పటికే పొడిగా ఉంది.

ఎలాగూ వచ్చాను కదా అని తమ్ముణ్ణి కూడా చూశాడు. కాళ్ళకు యంత్రం పెట్టి, అంకెలు రెండుసార్లు చూసుకున్నాడు.

"ఎముకలు అటుకుల లెక్క అయినయి. వచ్చే పున్నమికి స్థిరకుదురు చేయించున్రి."

స్థిరకుదురంటే కాళ్ళను మడిచి, మెత్త పోసి, కుదురుతో కలిపి మూసేస్తారు. ఇక దిగడం ఉండదు. పండుగలాగే చేస్తారు. వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చి పాట పాడి, కాళ్ళకు పసుపు రాసి, చివరిసారి కడుగుతారు. ఈ ఏడు ఊళ్ళో చాలామంది పిల్లలకు చేశారు. ఎవరూ ఏడవలేదు.

"వేరే తొవ్వ లేదా సార్?" అని నేనడిగాను. అమ్మ అడగలేదు.

"ఉంది. తనంతట తను లేచి నడిస్తె ఎముక మళ్ల గట్టిపడ్తది. ఇంకా చెయ్యి దాటిపోలే. మూసినంక మాత్రం ఎవ్వరం ఏం చెయ్యలేం." ఆయన తమ్ముడి వైపు చూశాడు. వాడు ఆడుకుంటున్నాడు. "కానీ లేస్తడా? ఎవ్వరు లేస్తలేరమ్మా."

ఆయన మంచివాడే. పోతూ పోతూ వాడి తల నిమిరాడు.

భూమి నవమి

నిన్నంతా నిలకడ లేదు. గోడ నుంచి గోడకు తిరిగాను. ఇవాళ పక్కింటి నిహారికను చూద్దామని వెళ్ళాను. మేమిద్దరం ఒకే క్లాసు. తెర మీద రోజూ మాట్లాడుకుంటాం. పోయినేడు దానికి స్థిరకుదురు చేశారు. ఆ తర్వాత దాని గుమ్మం తొక్కడం ఇదే మొదలు.

నన్ను చూసి అది భయపడింది. మనిషి పక్కన నిలబడితే ఇంత ఎత్తుగా ఉంటుందా అంది.

"మంచిగనే ఉందే. ఏ రంది లేదు" అంది నిహారిక. "మీ తమ్మునిది పున్నమికేనటగా? చెప్పు వానికి, నొప్పేం ఉండది."

చెయ్యి దానికి బుక్క పెట్టింది. మింగి, నా వైపు దొంగచూపు చూసింది.

"కొమురా, ఒక్కటి చెప్తె నవ్వవు గద?"

"చెప్పు."

"నా కాలి బొటనేలు దురద పెడ్తుందే. పోయినేటి నుంచి. లోపల. ఎవ్వరు గోకలేరు."

ఎడమ కాలా, కుడి కాలా అని అడిగాను. అది ఆలోచించింది. ఏ కాలో దానికే తెలియడం లేదని నాకర్థమైంది. కుదురు బయటి వైపు నా గోళ్ళతో బరికాను. ఏమైనా తెలుస్తోందా అంటే లేదంది. అయినా ఆపొద్దంది.

ఇంటికొచ్చి సొరంగంలో చెమట పట్టేదాకా పరుగెత్తాను. డాక్టరుగారూ, జబ్బు పెరిగితే పెరగనివ్వండి.

భూమి ఏకాదశి

వాణ్ణి లేపాలి. ఎలాగైనా సరే. పున్నమి దగ్గరకొచ్చేసింది.

ముందు బతిమాలాను. "అక్క కోసం ఒక్కసారి నిలవడు తమ్మీ" అన్నాను. "ఎందుకు?" అన్నాడు. తర్వాత వెక్కిరించాను, సొరకాయ కాళ్ళోడా అన్నాను. వాడికి నవ్వొచ్చింది. సొరకాయ ఎలా ఉంటుందో తెరను అడిగి తెలుసుకుని ఇంకా నవ్వాడు. భయపెట్టాను, నిహారిక బొటనవేలి సంగతి చెప్పాను. "నాకు దురద లేదు గద" అన్నాడు.

ఇక విసుగొచ్చి తెర పీకేశాను. కేకలు పెడతాడు, దిగి నా జుట్టు పట్టుకుంటాడు అనుకున్నాను. రెండుసార్లు "అక్కా, అక్కా" అన్నాడు. ఆ తర్వాత నిద్రపోయాడు. అంతే. నిద్రలో ఉండగా చెయ్యి వచ్చి బుక్క పెదవులకు తాకించింది. కళ్ళు తెరవకుండానే నోరు తెరిచాడు.

నేనక్కడే కూలబడ్డాను. వాడు మొండివాడు కాదు, సోమరి కూడా కాదు. వాడికి ఏదీ కావాలనిపించదు. కావాలనిపించే లోపలే అది నోట్లోకి వచ్చేస్తుంది. దేనికోసం దిగుతాడు?

మరి నేను దేనికోసం దిగుతున్నాను? కుదురు దిగినప్పుడల్లా నాకు ఏదో కావాలనిపిస్తుంది. అదేమిటో పేరు తెలియదు. తలుపు దాకా పోతాను, సొరంగం చివరిదాకా పోతాను, అక్కడ లేదు. నా కుదురు చెయ్యి కూడా నాకు పెడుతూనే ఉంది, తమ్ముడికి పెట్టినంతే. తింటాను. అయినా గీకుడు ఆగదు.

అమ్మ వచ్చి తెర మళ్ళీ పెట్టింది. ఈ మధ్య అమ్మ నా ముఖంలోకి చూడడం లేదు.

భూమి త్రయోదశి

ఇవాళ జరిగింది రాయకపోతే నా తల పగిలిపోతుంది.

సొరంగంలో పరుగెత్తుతూ పడిపోయాను. కళ్ళ ముందు నల్లటి చుక్కలు వచ్చాయి, చేతులు వణికాయి, చెమట చల్లగా పట్టింది. జబ్బు ముదిరి చచ్చిపోతున్నాననే అనుకున్నాను. ఎంతసేపు పడి ఉన్నానో, అమ్మ వెతుక్కుంటూ వచ్చింది. నన్ను భుజం మీద వేసుకుని తను పనిచేసే చోటికి, గాలిని వడగట్టే గుడ్డలు ఉతికే గదికి తీసుకుపోయి తలుపు గడియ పెట్టింది.

నీళ్ళు కాచే పొయ్యి మీద గిన్నె పెట్టింది. సరుకు డబ్బాలోంచి జొన్నరవ్వ తీసి పోసింది, ఉప్పు వేసింది, కలియబెట్టింది. ఒక వాసన లేచింది. ఆ వాసనకు నా నోరంతా నీళ్ళయింది. నాకేదో అవుతోందని ఏడ్చాను.

అమ్మ వేళ్ళతో ముద్ద చేసి, ఊది, నా నోట్లో పెట్టింది. అది బుక్కలా మెత్తగా లేదు. వేడిగా, గరుగ్గా ఉంది. నమలాల్సి వచ్చింది. ఇంకో ముద్ద. ఇంకో ముద్ద. గిన్నె ఖాళీ అయింది. లోపల గీకుతున్న గరిటె ఆగిపోయింది. వణుకు పోయింది. నన్ను నేనే తడుముకుని చూసుకున్నాను.

"అమ్మా, ఇదేం మందు?"

"మందు కాదు బిడ్డా. గట్క." అమ్మ నా ముఖం చూడకుండా గిన్నె అడుగు గోకుతోంది. "నీకు జబ్బేం లేదు. నీకు ఆకలైతుంది."

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. మళ్ళీ చెప్పమన్నాను. అమ్మ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

గాలికి కరువు వచ్చిన ఏడే తిండికీ వచ్చిందట. అమ్మ అప్పుడు చిన్నపిల్ల. ఆమె చెల్లెలు ఏడుస్తుంటే వాళ్ళమ్మ గోరువెచ్చని నీళ్ళు తాగించి జోకొట్టేదట. ఆ చెల్లెలు ఉండేదని కూడా నాకు ఇవాళే తెలిసింది. ఆమె ఎక్కువ రోజులు బతకలేదు.

"అందరు తల్లులు ఒట్టు పెట్టుకున్నరు. మళ్ల ఈ ఊర్ల ఏ బిడ్డకు అదేందో తెల్వద్దని. ఆ మాట కూడా పిల్లల ముందట ఎత్తద్దని. అందుకే ఈ చేతులు పెట్టిచ్చిన్రు. నేను గూడ మీరిద్దరు పుట్టంగనే ఒట్టు పెట్టుకున్న."

"మరి నాకెందుకైతుంది?"

"నువ్వు బాపు లెక్క పొడుగు పెరిగినవ్. ఉరుకుతున్నవ్. చెయ్యేమో కూసున్నోళ్ళకు పెట్టినంతనే పెడ్తది. ఎట్ల సాలుతది?"

"నీకు ముందే తెలుసు."

అమ్మ తల ఊపింది. "మొదటి రోజే తెలిసింది. నీ కడుపు సప్పుడు ఇన్న రోజే."

నాకు ఎంత కోపం వచ్చిందంటే లేచి నిలబడ్డాను. ఇన్నాళ్ళూ నన్ను రోగిష్టిదాన్ని చేశారు, తమ్ముడి దగ్గర ఉండనివ్వొద్దన్నారు, ఈ రాత రాయించారు. ఒక్క మాట చెప్పి ఉంటే! అదే అన్నాను. గట్టిగానే అన్నాను.

"ఏమని చెప్పాలె?" అంది అమ్మ. "నా బిడ్డకు ఆకలైతుందని సెప్పిన తల్లికి ఈ ఊర్ల ముఖం ఉంటదా? జబ్బంటె సిగ్గు లేదు. ఇది సిగ్గు."

అమ్మ ఏడ్చింది. నేను ఓదార్చలేదు. కాసేపటికి పక్కన కూర్చున్నాను. అంతకంటే చెయ్యలేకపోయాను.

భూమి చతుర్దశి

నిద్ర లేచేసరికి బుర్రలో ఒకటే మాట. తమ్ముడు దేనికోసం దిగుతాడో నాకిప్పుడు తెలుసు.

అమ్మకు చెప్పాను. రేపు ఒక్క పూట వాడి చెయ్యి ఆపుదాం. వాడికీ ఏదో కావాలనిపించనిద్దాం. నేనెలా దిగానో వాడూ అలాగే దిగుతాడు.

అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నా చేతులతోని నేనే వాణ్ణి పస్తు పెట్టాల్నా?"

"ఒక్క పూట అమ్మా."

"ఒక్క పూట! అదెట్లుంటదో తెల్సా నీకు?"

"తెల్సు" అన్నాను. "నెలల నుంచి తెల్సు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నిజమే కదా. తమ్ముడి గదిలోకి పోయి పెట్టే చెయ్యి వైరు పట్టుకున్నాను. అమ్మ వెనకే వచ్చి నా చెంప మీద కొట్టింది. నన్నెప్పుడూ కొట్టని మనిషి. తిరుమలేశు తెర మీంచి తల తిప్పి మా ఇద్దరినీ చూశాడు. "సప్పుడు చెయ్యకున్రి" అని మళ్ళీ ఆటలో పడ్డాడు.

పక్కింటి వనజక్క పసుపు తెచ్చి ఇచ్చిపోయింది. మెత్త పోసే మనుషులు కొలతలు తీసుకుపోయారు. సాయంత్రం అంతా అమ్మ వాడి పాదాల దగ్గర కూర్చుని ఉంది. వాటిని ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్క వేలూ నిమిరింది. వాడికి తెలియనే లేదు.

నేను లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను. రేపు వైరు పీకి పారేస్తాను. కొడితే కొట్టనీ.

భూమి పున్నమి

నేను పీకలేదు. లేచేసరికే పెట్టే చెయ్యి మోచేతి దగ్గర వంగి కిందికి వేలాడుతోంది. వైరు అమ్మ కొంగున ముడివేసి ఉంది.

"నువ్వు చేస్తె ఊరు నిన్నంటది" అంది. "నేనైతె తల్లిని. ఏమన్న అననీ."

తమ్ముడికి మొదట తెలియలేదు. ఆట మధ్యలో అలవాటుగా నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. గాలిని నమిలి, మూశాడు. మళ్ళీ తెరిచాడు. అప్పుడు చూశాడు.

"అమ్మా, చెయ్యి కరాబైంది."

"అవు బిడ్డా."

"బాగచెయ్యి."

"చెయ్య."

వాడు నవ్వాడు, పరాచికం అనుకుని. ఆటలో పడ్డాడు. కానీ ఆట ఆడలేకపోయాడు. ఓడిపోతున్నాడు, విసుక్కుంటున్నాడు, కుదురులో అటూ ఇటూ కదులుతున్నాడు. వాడు కదలడం చూసి నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. అమ్మ గదికి అటు చివర, తలుపు పక్కన పొయ్యి పెట్టి గట్క కలియబెడుతోంది. వాసన వాడి దాకా పోయింది. తెర ఆపేశాడు. తనంతట తానే ఆపేశాడు.

"అమ్మా, నా కడుపుల ఏందో కొరుకుతుంది. అక్క జబ్బు నాకు అంటింది!"

తర్వాత వాడు ఏడ్చిన ఏడుపు నేను రాయలేను. బతిమాలాడు, తిట్టాడు, చచ్చిపోతున్నానన్నాడు. నన్ను దయ్యమన్నాడు. అమ్మ గట్క కలియబెట్టడం ఆపేసింది. ఒకసారి కొంగు ముడి విప్పబోయింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఆపే హక్కు నాకు లేదనిపించింది. మళ్ళీ తనే బిగించుకుంది.

అప్పుడే వాడకట్టు ఆడవాళ్ళు పసుపు గిన్నెతో, పాటతో గుమ్మంలోకి వచ్చారు. ఏడుపు విని పాట ఆగిపోయింది. వెనక తల్లుల చేతులు పట్టుకుని ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలు కూడా ఉన్నారు.

"ఏమైందే? పోరడు గట్లేడుస్తుండేంది?" అంది వనజక్క.

గ్యాసు అంటుందనుకున్నాను. అమ్మ పళ్ళెం పట్టుకుని లేచి నిలబడింది.

"నా కొడుక్కు ఆకలైతుంది" అంది.

ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకావిడ పిల్లల చెవులు మూసింది. "పిల్లలున్నరే! నోరెట్లొచ్చింది నీకు?" అని వనజక్క కసిరింది.

"ఉండనియ్. వాళ్ళకు గూడ తెల్వాలె."

"పళ్ళెం చేతుల పట్టుకొని గట్ల నిలవడ్తవా? తల్లివేనా నువ్వు? పోయి పెట్టు!"

అమ్మ కదల్లేదు. "వాడే రావాలె" అంది.

తిరుమలేశు కుదురు అంచు పట్టుకున్నాడు. ఒక కాలు బయట పెట్టాడు. రెండో కాలు పెట్టాడు. నిలబడబోయి ముందుకు తూలాడు. ఇక్కడ పడడం నెమ్మదిగా జరుగుతుంది. పడేవాడికి భయపడేంత వ్యవధి ఉంటుంది, చూసేవాళ్ళకు కూడా. నేను పట్టుకోబోతే, "ముట్టకు" అని అమ్మ అరిచింది. వాడు మోకాళ్ళ మీద పడ్డాడు. ఏమీ విరగలేదు. కుదురు పట్టుకుని లేచాడు. దాన్ని వదిలాడు. గోడ పట్టుకున్నాడు. కాళ్ళు గడగడలాడుతుంటే, ముక్కు కారుతుంటే, మమ్మల్నందరినీ తిడుతూ, పాదాలు ఈడ్చుకుంటూ, పళ్ళెం వైపు చూస్తూ వచ్చాడు.

అమ్మ దగ్గరికి వచ్చి నోరు తెరిచాడు. అమ్మ ముద్ద పెట్టింది. వాడు నమిలాడు. నమలడం చేతకాక సగం గడ్డం మీద కారింది. ఏడుపు ఆగిపోయింది.

"ఏందిది?" అన్నాడు.

"గట్క."

"మంచిగుంది." వాడి నోట ఆ మాట నేను వినడం ఇదే మొదటిసారి. "ఇంకింత పెట్టమ్మా."

అమ్మ ఇంకో ముద్ద చేసింది. వాడు గోడ వదిలేసి నోరు తెరిచాడు. ఆ నోటి వైపు పోబోయిన చేతిని అమ్మ మధ్యలోనే ఆపుకుంది. ముద్ద అలాగే పట్టుకుని, వెక్కి వెక్కి ఏడుస్తూ, ఒక అడుగు వెనక్కి వేసింది.